వీడియో కాల్‌లో స్నేహితులు: ‘కనెక్టింగ్’ హాస్య ధారావాహికపై తరచుగా అడిగే ప్రశ్నలు

కరోనా మొదటి ఏడాదిలో అమెరికాలోని ఎన్‌బీసీ చానల్ ప్రసారం చేసిన ‘కనెక్టింగ్’ అనే సిట్‌కామ్ కొన్ని వారాలే నడిచి ఆగిపోయింది. అయినా ఆ కాలాన్ని తెర మీద ఎలా చూపించారని ఎవరైనా అడిగినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చేది ఇదే. దీని గురించీ, ఇదే పద్ధతిలో వచ్చిన మరికొన్ని కార్యక్రమాల గురించీ మిత్రులు తరచుగా అడిగే ప్రశ్నలకు నాకు తెలిసిన మేరకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

కథ దేని గురించి?

లాస్ ఏంజిలెస్ నగరంలో ఏళ్ల తరబడి కలిసి తిరిగిన కొందరు స్నేహితులు లాక్‌డౌన్ వల్ల ఎవరిళ్లలో వారు ఉండిపోతారు. కలుసుకునే దారి లేక రోజూ వీడియో కాల్‌లో ఒకచోట చేరతారు. ప్రేక్షకుడికి కనిపించేది ఆ కాల్ మాత్రమే. ఒక్కొక్కరి ముఖం ఒక్కో చిన్న గడిలో ఉంటుంది, ఆ గడి వెనకాల వారి వంటగదో పడకగదో పుస్తకాల అరో కనిపిస్తుంది. కెమెరా వీధిలోకి వెళ్లదు, ఇద్దరు స్నేహితులు ఒకే గదిలో కూర్చున్న దృశ్యం కోసం మనమూ వారితో పాటే ఎదురుచూస్తూ ఉంటాం.

ఆ రోజుల్లో ఇళ్లలో నడిచిన మాటలే ఇందులోనూ నడుస్తాయి. సరుకులను తుడిచి లోపల పెట్టాలా, ఎదురుగా వచ్చిన మనిషికి ఎంత దూరంగా నడవాలి, ఇది రెండు వారాల్లో తీరిపోతుందా, ఈ ఏడాదంతా ఇంతేనా అన్న చర్చల మధ్య పాత స్నేహాలు, దాచుకున్న ప్రేమలు, ఒంటరితనాలు ఒక్కొక్కటిగా బయటపడతాయి.

ఎవరు రూపొందించారు? ఎన్ని ఎపిసోడ్‌లు ఉన్నాయి?

మార్టిన్ గెరో, బ్రెండన్ గాల్ అనే ఇద్దరు దీన్ని రూపొందించారు. వీరిలో గెరో అంతకుముందు ఎన్‌బీసీలోనే ‘బ్లైండ్‌స్పాట్’ అనే నేర పరిశోధన ధారావాహికను సృష్టించినవాడు. ‘కనెక్టింగ్’ మొదటి ఎపిసోడ్ 2020 అక్టోబరు 8న ప్రసారమైంది. అరగంట వ్యవధిలో వచ్చే ఎపిసోడ్‌లు మొత్తం 8. వాటిలో నాలుగు మాత్రమే టీవీలో వచ్చాయి, మిగిలిన నాలుగింటిని పీకాక్, హులూ అనే ఇంటర్నెట్ వేదికల్లో విడుదల చేశారు.

పాత్రలు ఎవరెవరు?

కథకు ఇరుసు ఆనీ. ఒట్మారా మరేరో ఈ పాత్ర వేసింది. బెన్ అనే స్నేహితుడి మీద ఆమెకు ప్రేమ ఉంది, అతనికి చెప్పుకోలేదు. బెన్‌గా నటించిన ప్రీచర్ లాసన్ వేదిక మీద ఒంటరిగా నిలబడి నవ్వించే హాస్యకారుడు, 2017లో ‘అమెరికాస్ గాట్ టాలెంట్’ పోటీలో తుది దశ దాకా వెళ్లినవాడు. గారెట్, మిషెల్ భార్యాభర్తలు కాబట్టి బృందంలో ఒకే గడిని పంచుకునే జంట వాళ్లే. ఆ పాత్రలను కీత్ పవెల్, జిల్ నాక్స్ పోషించారు. ఎలీ హెన్రీ వేసిన రూఫస్ కుట్ర కథలను నమ్మే మనిషి. కరోనా కాలంలో ప్రతి వాట్సాప్ బృందంలోనూ అలాంటివాడు ఒకడుండేవాడు కాబట్టి తెలుగు ప్రేక్షకుడు అతణ్ణి చూడగానే గుర్తుపడతాడు. ఎలిస్ పాత్రలో నటించిన షకీనా నేఫాక్ స్వయంగా ట్రాన్స్ (ట్రాన్స్‌జెండర్) మహిళ. అమెరికా ప్రధాన టీవీ చానళ్ల సిట్‌కామ్‌లో ఒక ట్రాన్స్ వ్యక్తి ప్రధాన పాత్రధారుల్లో ఒకరుగా ఉండడం ఈ ధారావాహికతోనే మొదలైంది. కొద్ది వారాల్లోనే ఆగిపోయిందన్న మాట కింద ఈ సంగతి కప్పబడిపోకూడదని నా ఉద్దేశం.

కాసీ బెక్ వేసిన జాజ్మిన్ వైద్యరంగంలో పనిచేస్తుంది. మిగతావాళ్లు ఇంట్లో కూర్చుని విసుగు గురించి మాట్లాడుకుంటున్న సమయంలో ఆమె రోగుల మధ్య నుంచి వచ్చి ఆ కాల్‌లో కూర్చుంటుంది. అప్పటిదాకా గలగలలాడుతున్న గడులన్నీ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతాయి. ఈ ధారావాహికలో నాకు బాగా నచ్చినది ఆ నిశ్శబ్దమే.

భారతీయ మూలాలున్న పాత్ర ఒకటి ఉందని విన్నాం. నిజమేనా?

నిజమే. ఆ పాత్ర పేరు ప్రదీప్. పిల్లలతో పాటు ఇంట్లో చిక్కుబడిపోయిన తండ్రి. ఈ పాత్ర వేసిన పర్వేష్ చీనా భారతీయ అమెరికన్ నటుడు. కాల్ సెంటర్ నేపథ్యంలో 2010లో ఎన్‌బీసీలోనే వచ్చిన ‘అవుట్‌సోర్స్‌డ్’ సిట్‌కామ్‌లో గుప్తా పాత్రతో అతను చాలామందికి తెలుసు. అక్కడ అతని పాత్ర ఉనికంతా భారతీయుడు కావడం చుట్టూ తిరిగింది. ఇక్కడ ప్రదీప్ అవస్థ పిల్లల అల్లరితో వేగలేని ఏ తండ్రికైనా ఉండే అవస్థ, స్నేహితులు కూడా అతణ్ణి అలాగే చూస్తారు. పదేళ్లలో వచ్చిన ఈ మార్పు చిన్నదే కావచ్చు గానీ, అమెరికాలో పిల్లలను పెంచుకుంటున్న తెలుగువారికి దాని విలువ వేరే చెప్పనక్కర్లేదు.

వీడియో కాల్ రూపాన్నే ఎందుకు ఎంచుకున్నారు?

మరో దారి లేకపోవడం మొదటి కారణం. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాను మహమ్మారిగా ప్రకటించింది. మార్చి 19న కాలిఫోర్నియా రాష్ట్ర ప్రజలు ఇళ్లలోనే ఉండాలని అక్కడి గవర్నరు ఆదేశించారు. ఆ నెల మధ్యలోనే హాలీవుడ్‌లో చిత్రీకరణలు ఒకదాని వెంట ఒకటి ఆగిపోయాయి. ఒక సిట్‌కామ్ సెట్ మీద నటులు, కెమెరా మనుషులు, లైట్లు చూసేవాళ్లు, మేకప్ వాళ్లు, భోజనాలు పెట్టేవాళ్లు కలిపి వందమందికి తక్కువ కాకుండా మసలుతారు. అందరూ మాస్కు పెట్టుకున్నా కెమెరా ముందున్న నటుడు పెట్టుకోలేడు. అమెరికాలో కొత్త ధారావాహికలు మొదలయ్యే శరదృతువుకు మామూలు ధారావాహికలు సిద్ధమయ్యే అవకాశం లేకపోయింది గనుక, సెట్ అవసరం లేని కథలకు చానళ్లు తలుపు తెరిచాయి.

రెండో కారణం జనానికి ఆ రూపం కొత్తగా అలవాటైపోవడం. 2019 డిసెంబరులో రోజుకు దాదాపు కోటిమంది మాత్రమే పాల్గొన్న జూమ్ సమావేశాల్లో 2020 మార్చి నాటికి 20 కోట్లమంది పాల్గొంటున్నారని ఆ సంస్థే ప్రకటించింది. తెర మీద నలుగురి ముఖాలు నాలుగు గడుల్లో కనిపిస్తే ఏం జరుగుతోందో ప్రేక్షకుడికి వివరించవలసిన అవసరం ఎవరికీ లేకపోయింది.

నిజంగానే వీడియో కాల్‌ను రికార్డు చేసి ప్రసారం చేశారా?

ఈ తరహా కార్యక్రమాల్లో సాధారణంగా అలా చేయరు. వీడియో కాల్‌లో మనకు చేరే బొమ్మను దారిలో కుదిస్తారు. అది ఒకసారి మసకగా, ఒకసారి చుక్కలు చుక్కలుగా వస్తుంది, టీవీలో పెద్దగా చూపిస్తే కళ్లు నొప్పి పుడతాయి. అందుకని నటుల ఇళ్లకు కెమెరా, మైకు, లైట్లు పంపుతారు, అసలు చిత్రీకరణ ఆ కెమెరాలోనే జరుగుతుంది. నటులు ఒకరి మాటలు ఒకరు వినడానికీ, దర్శకుడు సూచనలివ్వడానికీ మాత్రమే కాల్ పనికొస్తుంది. తర్వాత ఎడిటింగ్ గదిలో ఆ విడివిడి దృశ్యాలను గడుల్లో అమర్చి ఒకే కాల్ లాగా భ్రమ కల్పిస్తారు.

అంటే కాల్‌లో ఉండే తడబాటు, ఆగిపోయిన బొమ్మ, తెగిపోయిన మాట కూడా కావాలని పెట్టినవే. నటుడి మీద పడే అదనపు భారం సంగతి కూడా చెప్పాలి. కుర్చీ జరుపుకోవడం, లైటు సరిచూసుకోవడం, జుట్టు దువ్వుకోవడం, ఇంట్లోవాళ్లను చప్పుడు చేయకుండా ఉంచడం అన్నీ తానే చూసుకుంటూ, ఎదుట మనిషి లేని చోట మనిషి ఉన్నట్టుగా నవ్వాలి.

వీడియో కాల్‌లో నవ్వించడం అంత కష్టమా?

చాలా కష్టం. ఈ ధారావాహిక ఎక్కడ గెలిచిందో, ఎక్కడ తడబడిందో తెలియాలంటే ఈ ప్రశ్న దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి.

సంభాషణలో ఒకరు ముగించిన తర్వాత ఇంకొకరు అందుకోవడానికి పట్టే వ్యవధి సగటున సెకనులో అయిదో వంతు ఉంటుందని, ప్రపంచ భాషల మీద జరిగిన పరిశోధన చెబుతోంది. ఎదుటివారి వాక్యం ఎక్కడ ముగుస్తుందో మనసు ముందే పసిగట్టి జవాబు సిద్ధం చేసుకుంటుందన్నమాట. హాస్యం బతికేది ఈ సందులోనే. మాట విసిరిన తర్వాత జవాబు ఒక్క క్షణం ముందు వస్తే తొందరపాటు, ఒక్క క్షణం ఆలస్యమైతే నీరుగారిపోవడం. కాల్‌లో ధ్వని ఒక వైపు చేరడానికి 150 మిల్లీసెకన్లకు మించి పట్టకుండా ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ప్రమాణం సూచిస్తుంది. ఇంటి ఇంటర్నెట్‌లో ఆ హద్దు దాటడం మామూలే. అప్పుడు ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు, ఇద్దరూ ఒకేసారి ఆగిపోతారు, “మీరు చెప్పండి” అంటే “లేదు లేదు, మీరే చెప్పండి” అనుకుంటారు. ఎడిటింగ్‌లో ఆ ఆలస్యాన్ని కత్తిరిస్తే సంభాషణ చురుగ్గా నడుస్తుంది, కానీ అది వీడియో కాల్‌లా అనిపించదు. కత్తిరించకుండా వదిలేస్తే కాల్‌లాగే ఉంటుంది, నవ్వు మాత్రం రాదు.

రెండో చిక్కు చూపులది. మామూలు సిట్‌కామ్‌లో ఒకరు ఏదో అంటే, సోఫా చివర కూర్చున్న ఇద్దరు ఒకరినొకరు చూసుకుంటారు. ఆ చూపుకే హాలంతా గొల్లుమంటుంది. వీడియో కాల్‌లో ఆ చూపు ఉండదు. తెర మీది ముఖాన్ని చూస్తే కళ్లు కిందికి వాలినట్టుంటాయి, కెమెరాలోకి చూస్తే అందరినీ ఒకేసారి చూసినట్టుంటుంది. ఒక మనిషిని ప్రత్యేకంగా చూడడమనేదే అక్కడ లేదు. ఆనీ బెన్‌ను ప్రేమిస్తోందన్న సంగతిని గదిలోనైతే ఓరచూపు ఒక్కటి చెప్పేసేది. గడుల్లో ఆ పని జరగాలంటే అందరూ కాల్ నుంచి వెళ్లిపోయాక ఇద్దరే మిగలాలి, లేదా మూడో మనిషితో విడిగా మాట్లాడి మనసు విప్పాలి. ఓరచూపు చేసే పనిని మాటల చేత చేయించవలసి రావడం వల్లే ఇలాంటి కథల్లో సంభాషణ ఎక్కువైనట్టు అనిపిస్తుంది.

మూడోది అందరూ ఎప్పుడూ కనిపిస్తూనే ఉండడం. మామూలు చిత్రీకరణలో దర్శకుడు తనకు కావలసిన ముఖాన్ని కావలసిన క్షణంలో చూపిస్తాడు. గడుల్లో ఏడెనిమిది ముఖాలు ఒకేసారి తెర మీద ఉంటాయి, ఎవరిని చూడాలో ప్రేక్షకుడే ఎంచుకుంటాడు. ఒక నటుడు మాట్లాడుతుంటే మిగిలిన ఏడుగురు వింటున్నట్టు నటిస్తూనే ఉండాలి. రెండోసారి చూసినప్పుడు మాట్లాడేవాళ్లను వదిలి వినేవాళ్లను గమనించండి, ఆ నటుల పనితనం అప్పుడు తెలుస్తుంది.

సిట్‌కామ్ అంటే వెనకాల జనం నవ్వులు వినిపించాలి కదా?

తప్పనిసరి ఏమీ కాదు. 1951లో మొదలైన ‘ఐ లవ్ లూసీ’ కాలం నుంచి, స్టూడియోలో ప్రేక్షకులను కూర్చోబెట్టి, ఒకే దృశ్యాన్ని మూడు కెమెరాలతో ఒకేసారి తీసే పద్ధతి అమెరికాలో స్థిరపడింది. ఆ ప్రేక్షకుల నవ్వే మనకు వినిపించేది. జనం లేనిచోట రికార్డు చేసిన నవ్వును కలిపే అలవాటు కూడా అదే దశాబ్దంలో వచ్చింది. తర్వాతి కాలంలో చాలా ధారావాహికలు ఆ నవ్వును వదిలేశాయి. ‘కనెక్టింగ్’లోనూ అది లేదు. ఎవరింట్లో వారు ఒంటరిగా కూర్చున్న కథకు వందమంది నవ్వు జోడిస్తే అబద్ధంలా వినిపించేది.

ఇంత త్వరగా ఎందుకు ఆపేశారు?

చూసినవాళ్లు తక్కువ. నాలుగు ఎపిసోడ్‌లు ప్రసారమయ్యాక, 2020 నవంబరు మొదటి వారంలో ఎన్‌బీసీ దీన్ని కార్యక్రమాల పట్టిక నుంచి తీసేసింది. ఆ శరదృతువులో ఎన్నికల వార్తలతో అమెరికా టీవీ నిండిపోయి ఉండడం ఒక కారణమై ఉండవచ్చు. నా అభిప్రాయంలో అసలు కారణం వేరు. మార్చి, ఏప్రిల్ నెలల్లో వీడియో కాల్ ఒక వరంలా అనిపించింది. అక్టోబరు నాటికి అది పనిగా, బడిగా, సంతాప సభగా మారిపోయింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గడుల్లోని ముఖాలతో మాట్లాడి అలిసిపోయిన మనిషి, రాత్రి భోజనం చేసి టీవీ ముందు కూర్చుంటే అక్కడా గడులే కనిపించాయి.

ఆ అలసటకు కారణాలను స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జెరెమీ బెయిలెన్సన్ 2021 ఫిబ్రవరిలో ఒక వ్యాసంలో వివరించాడు. ముఖాలు మరీ దగ్గరగా, కళ్లలోకి చూస్తున్నట్టుగా ఉండడం, మన ముఖాన్ని మనమే గంటల తరబడి చూసుకోవలసి రావడం, కుర్చీలోంచి కదలలేకపోవడం, సైగలు అందక ఎదుటివారి భావం పట్టుకోవడానికి మనసు ఎక్కువ శ్రమపడడం అని నాలుగు చెప్పాడు. టీవీ ప్రేక్షకుడికి తన ముఖం కనిపించదు గానీ, మిగతా మూడింటి జ్ఞాపకం ఆ గడులను చూడగానే తిరిగొచ్చేది.

ఇంకో తేడా కూడా ఉంది. కథలో రోజులు వసంతంలో నడుస్తున్నాయి, ప్రసారం శరదృతువులో జరుగుతోంది. సరుకులు తుడుచుకునే భయం అప్పటికి చాలామందికి పాతబడింది, కానీ దాన్ని చూసి నవ్వుకునేంత దూరం ఇంకా జరగలేదు. ఏప్రిల్‌లో వచ్చి ఉంటే తోడుగా ఉండేది. ఇప్పుడు చూస్తే జ్ఞాపకంగా పనికొస్తోంది. రెండింటి మధ్యలో వచ్చింది.

కరోనా కాక ఇంకే సంగతులను ఈ కథ తాకింది?

2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడు పోలీసు అధికారి మోకాలి కింద ప్రాణం విడిచాడు. ఆ తర్వాత అమెరికా అంతటా నిరసనలు చెలరేగాయి. ఈ బృందంలో నల్లజాతి స్నేహితులు ఉన్నారు కాబట్టి ఆ ఘటన వాళ్ల కాల్‌లోకి రాకుండా ఉండదు. రోగభయం వల్ల ఇంట్లో ఉండాలా, నిరసనకు వీధిలోకి వెళ్లాలా అన్న ప్రశ్న ఆనాడు ఎంతోమందికి ఎదురైంది. అరగంట హాస్య కథ ఆ బరువును మోయగలిగిందా అంటే పూర్తిగా మోయలేదనే నేను అంటాను. పక్కకు తప్పుకోకపోవడాన్ని మాత్రం గౌరవిస్తాను.

ఇదే పద్ధతిలో వచ్చిన ఇతర కార్యక్రమాలు ఏవి? వాటిలో ఏది బాగుంటుంది?

నా ఓటు బీబీసీ వారి ‘స్టేజ్‌డ్’కు. 2020 జూన్‌లో మొదలైన ఈ బ్రిటిష్ హాస్య ధారావాహికలో మైకేల్ షీన్, డేవిడ్ టెనెంట్ అనే ప్రసిద్ధ నటులు తమ పేర్లతోనే కనిపిస్తారు. లాక్‌డౌన్ వల్ల ఆగిపోయిన నాటకాన్ని వీడియో కాల్‌లో సాధన చేయిద్దామని దర్శకుడు సైమన్ ఎవాన్స్ తాపత్రయపడతాడు. సాధన తప్ప మిగతావన్నీ జరుగుతాయి. పోస్టరు మీద ఎవరి పేరు ముందుండాలన్న తగువు ఎపిసోడ్ తర్వాత ఎపిసోడ్ సాగుతుంది. ఒక్కో ఎపిసోడ్ పావుగంట చుట్టూ ఉంటుంది, తెర మీద రెండు మూడు ముఖాలకు మించి తరచుగా ఉండవు. వీడియో కాల్‌లో ఎనిమిదిమంది సభ కన్నా ఇద్దరి ముచ్చట నయమన్న సంగతి వీళ్లు ముందే గ్రహించారు. ఎక్కువ తాగుతున్నట్టు నలుగురికీ తెలుస్తుందని షీన్ తన ఖాళీ సీసాలను పొరుగింటి వృద్ధురాలి చెత్త డబ్బాలో వేస్తుంటాడు. నవ్వుకుంటూ ఉండగానే ఆమెకు జబ్బు చేసిందని తెలుస్తుంది, అక్కడి నుంచి ఆ కథ మనసును పట్టేస్తుంది.

‘పార్క్స్ అండ్ రిక్రియేషన్’ ధారావాహిక 2015లోనే ముగిసింది. దాని నటులందరూ 2020 ఏప్రిల్ 30న ఒక ప్రత్యేక ఎపిసోడ్ కోసం తమ తమ ఇళ్ల నుంచి కలిశారు. ఆకలితో ఉన్నవారికి ఆహారం అందించే ఫీడింగ్ అమెరికా సంస్థకు విరాళాలు పోగు చేయడం దాని ఉద్దేశం. కథానాయిక లెస్లీ స్నేహితులందరికీ రోజూ కాల్ రావాలని ఒక వరస ఏర్పాటు చేస్తుంది. ఈ మనుషులు ప్రేక్షకులకు ఏడు సీజన్ల పాటు తెలిసినవాళ్లు. వాళ్లు ఎలా ఉన్నారోనన్న బెంగ ప్రేక్షకుడికి ముందే ఉంది. ‘కనెక్టింగ్’కు ఆ సౌకర్యం లేదు. ఎన్నడూ ఒక గదిలో చూడని మనుషుల ఎడబాటును మనం బాధగా అనుకోవాలి, అదే దాని కష్టం.

2020 మే 22న ఆపిల్ టీవీ ప్లస్‌లో వచ్చిన ‘మిథిక్ క్వెస్ట్’ అనే హాస్య ధారావాహిక క్వారంటీన్ ఎపిసోడ్‌ను ఫోన్లతోనే తీశారు. ఒంటరిగా ఉన్న పాపీ కాల్‌లో ఏడ్చేస్తుంది. ఆమెతో ఎప్పుడూ తగువులాడే ఇయన్ ఇంటి తలుపు దగ్గరికొచ్చి ఆమెను హత్తుకుంటాడు. అంతసేపూ గడులు చూసిన కళ్లకు ఇద్దరు మనుషులు ఒకే చోట నిలబడి కనిపించడం ఎంత పెద్ద సంగతో ఆ ఒక్క దృశ్యం చెబుతుంది.

భారతీయ భాషల్లో ఇలాంటి ప్రయత్నాలు జరిగాయా?

జరిగాయి, అయితే సిట్‌కామ్ రూపంలో కన్నా వేరే రూపాల్లో ఎక్కువ. 2020 ఏప్రిల్ 6న ప్రసారమైన ‘ఫ్యామిలీ’ అనే అయిదు నిమిషాల లోపు లఘుచిత్రంలో అమితాబ్ బచ్చన్, రజనీకాంత్, చిరంజీవి, మమ్ముట్టి, మోహన్‌లాల్ తదితరులు నటించారు. అమితాబ్ నల్ల కళ్లజోడు కనిపించదు, అందరూ వెతుకుతారు, ఒకరి చేతి నుంచి ఒకరికి అందుతుంది. అంతా ఒకే ఇంట్లో ఉన్నట్టు కనిపిస్తుంది గానీ ఎవరూ గడప దాటలేదని చివర్లో తెలుస్తుంది. సినిమా రంగంలోని దినసరి కూలీల కుటుంబాలకు సాయం అందించడానికి తీసిన చిత్రమిది. ప్రసూన్ పాండే దర్శకుడు.

మలయాళంలో మహేశ్ నారాయణన్ దర్శకత్వంలో 2020 సెప్టెంబరు 1న వచ్చిన ‘సీ యూ సూన్’ మొత్తం ఫోన్, కంప్యూటర్ తెరల మీదే నడుస్తుంది. అది హాస్యం కాదు, ఉత్కంఠభరితమైన కథ. తెర మీది కథలో ఉత్కంఠ పుట్టించడం నవ్వు పుట్టించడం కన్నా సులువని దాన్ని చూస్తే అర్థమవుతుంది, ఎందుకంటే ఉత్కంఠకు ఆలస్యం శత్రువు కాదు.

తెలుగు విషయానికొస్తే, మన సిట్‌కామ్‌లకు పెద్ద దిక్కు అయిన ‘అమృతం’ కొనసాగింపు ‘అమృతం ద్వితీయం’ 2020 మార్చి 25న, అంటే శార్వరి నామ సంవత్సర ఉగాది నాడు జీ5లో మొదలైంది. దేశమంతటా లాక్‌డౌన్ అమల్లోకి వచ్చిన మొదటి రోజు కూడా అదే. హోటల్ చుట్టూ తిరిగే ఆ కథను జనం హోటళ్లన్నీ మూతపడిన రోజున చూడడం మొదలుపెట్టారు.

అమెరికా స్నేహితుల కథతో తెలుగువారికి ఏం సంబంధం?

మన కుటుంబాలు లాక్‌డౌన్‌కు ముందే వీడియో కాల్ కుటుంబాలు. పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటే, తల్లిదండ్రులు తెనాలిలోనో కరీంనగర్‌లోనో ఉంటూ వారానికోసారి తెర మీద చూసుకోవడం అప్పటికే అలవాటు. 2020లో వచ్చిన తేడా ఏమిటంటే, పక్క ఊళ్లో ఉన్నవాళ్లు కూడా డాలస్‌లో ఉన్నంత దూరమైపోయారు.

మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. ఆ ఏడాది ప్రతి ఆదివారం రాత్రి ఎనిమిదింటికి అమ్మ తెనాలి నుంచి, నేను హైదరాబాదు నుంచి, అక్క డాలస్ నుంచి కాల్‌లో చేరేవాళ్లం. అక్కకు అప్పుడు ఉదయం తొమ్మిదిన్నర. అమ్మ ఫోనును వంటింటి గట్టు మీద పోపుల పెట్టెకు ఆనించి పెట్టేది. తెరలో సగం ఆమె నుదురు, మిగతా సగం తిరుగుతున్న ఫ్యాను. “కనిపిస్తున్నానా?” అని అడిగేది. “నీ నుదురు కనిపిస్తోందమ్మా, ఫోను కాస్త కిందికి వంచు” అని అక్క ప్రతిసారీ చెప్పేది. మాటల మధ్యలో “ఉండండర్రా, పాలు పొంగుతున్నాయి” అని లేచి వెళ్లిపోయేది. నేనూ అక్కా ఖాళీ అయిన ఆ గడిలో ఫ్యానును చూస్తూ మాట్లాడకుండా కూర్చునేవాళ్లం. ఎవరం కాల్ వదిలేసేవాళ్లం కాదు. నలభై నిమిషాలు కాగానే ఉచిత కాల్ తెగిపోయేది, అక్క మళ్లీ లింకు పంపేది, అమ్మ మళ్లీ “కనిపిస్తున్నానా?” దగ్గర మొదలుపెట్టేది.

‘కనెక్టింగ్’లో ఒక గడి ఖాళీ అయినప్పుడల్లా నాకు ఆ ఫ్యాను గుర్తొస్తుంది. పాత్రలు పరాయి దేశపు మనుషులే అయినా, కాల్ ముగించే మీట నొక్కడానికి వాళ్లు పడే జంకు మనదే.

ఇంగ్లిష్ అంతగా అలవాటు లేనివారు చూడగలరా?

మాటల వేగం ఎక్కువ, ఒకరి మీద ఒకరు మాట్లాడతారు, అమెరికా రాజకీయాల ప్రస్తావనలు మధ్యమధ్య దొర్లుతాయి. సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడడం మంచిది. పెద్దవారితో కలిసి చూడాలనుకుంటే ‘స్టేజ్‌డ్’ కన్నా ఇదే తేలిక, ఎందుకంటే ‘స్టేజ్‌డ్’లో బూతు మాటలు ఎక్కువ, బ్రిటిష్ నాటకరంగం గురించిన హాస్యం కూడా ఎక్కువ.

ఏ క్రమంలో చూడమంటారు?

‘కనెక్టింగ్’ కథ లాక్‌డౌన్ రోజుల వరసలో నడుస్తుంది కాబట్టి ఎపిసోడ్‌లను ముందువెనకలు చేయకుండా చూడాలి. ఒకే కూర్చోబడిలో ఎనిమిదీ చూడకండి. నేను అలా చూసి అలిసిపోయాను, రెండోసారి రోజుకొకటి చొప్పున చూసినప్పుడే అది ఒంటబట్టింది. టీవీ పెద్ద తెర మీద కన్నా ల్యాప్‌టాప్‌లో, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో చూస్తే ఆ కాల్‌లో మనమూ ఒక గడిలో ఉన్నట్టుంటుంది. మొదటి ఎపిసోడ్‌లో జాజ్మిన్ మాట్లాడే చోటికి వచ్చినప్పుడు మాత్రం పక్కన ఎవరూ లేకుండా చూడండి. రెండో విడత లాక్‌డౌన్‌లో ఆసుపత్రుల్లో పనిచేసినవారు గానీ, ఆత్మీయులను ఫోను తెర మీదే చివరిసారి చూసుకున్నవారు గానీ మీ ఇంట్లో ఉంటే, ముందుగా ఆ సంగతి వారికి చెప్పి, వారు సరేనన్నాకే చూపించండి.